కండదారం

తాళ్ళను తెంపడం నా ఉద్యోగం. కొండలెక్కేవాళ్ళ కోసం తాళ్ళు చేసే ఒక కంపెనీ హైదరాబాదు శివార్లలో ప్రయోగశాల పెట్టుకుంది. అందులో చాలా ఏళ్ళు ఆ పనే చేశాను. తాడును రెండు ఇనుప కొక్కేలకు తగిలించి మీట నొక్కితే యంత్రం లాగడం మొదలుపెడుతుంది. తాడు మూలుగుతుంది, సన్నబడుతుంది, చివరికి గది అదిరేలా ఫట్టుమని తెగుతుంది. ఎంత బరువు దగ్గర తెగిందో తెర మీద అంకె పడుతుంది. ఆ యంత్రానికి మేం పెట్టుకున్న పేరు తాటకి.

ఈ పనిలో ఒక వెర్రితనం ఉంది. తాడు ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని తెంపాలి. తెంపాక అది ఎవరికీ పనికిరాదు. కాబట్టి మనిషి వేలాడే తాడు ఎప్పుడూ పరీక్షకు ఎక్కని తాడే. దాని తోటి తాళ్ళను తెంపి చూసి, ఇదీ అంతే గట్టిగా ఉంటుందిలే అని పంపించేస్తాం. బయటివాళ్ళకు ఈ సంగతి చెబితే ముఖం అదోలా పెడతారు.

తాడుకు ముడి వేస్తే దాని బలంలో మూడో వంతు ఆ ముడే మింగేస్తుంది. అందుకని ముడి బదులు తాడు చివరను వెనక్కి మడిచి, కాలు దూరేంత ఉంగరంలా చేసి, మడతల గుండా సూదితో కుడతాం. ఆ ఉంగరాన్ని కన్ను అంటాం. మా ల్యాబులో కళ్ళన్నీ నేనే కుట్టేదాన్ని. మా డైరెక్టరు డాక్టర్ చంద్రమౌళి గారు కండదారం కనిపెట్టింది ఆ కుట్టు కోసమే.

మన ఒంట్లో కండను పోలిన పీచును గాజుతొట్టెల్లో పెంచి దారంగా వడికించారాయన. మామూలు దారం బరువు పడితే సాగి నీరసిస్తుంది. ఇది బరువు పడితే బిగుసుకుంటుంది. మర్నాటికి మరికాస్త బలం పుంజుకుంటుంది, కసరత్తు చేసే కుర్రాడి జబ్బలాగా. పైన పూసిన తేనెరంగు పూత దానికి కొన్నేళ్ళకు సరిపడా తిండి. మిషను సూది వేడికి ఆ పీచు చచ్చిపోతుంది కాబట్టి చేత్తోనే కుట్టాలి. నేను కుట్టిన మొదటి కన్నును తాటకి సగం బలంతో లాగి వదిలింది. మర్నాడు ముప్పావు బలంతో. ఆ వారాంతానికి తాటకి మోటారు కాలిన వాసన వచ్చింది గానీ కన్ను వదల్లేదు. చంద్రమౌళి గారు అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నారు. ఇక నుంచి పరీక్ష నెగ్గిన తాడే మనిషి చేతికి వెళుతుందని అన్నారు. ఆ మాటకు నాకూ ఒళ్ళు పులకరించింది.

ఆ రోజు మిగిలిన దారం ముక్కలతో మా బాల్కనీలో ఉయ్యాలకు రెండు కళ్ళు కుట్టాను. మా అమ్మాయి పల్లవికి ఉయ్యాలంటే ప్రాణం. బడి నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా ఎక్కి కూర్చునేది.

కండదారానికి పేరు రావాలంటే పేపర్లో పడే బొమ్మ ఒకటి కావాలి. కంపెనీవాళ్ళు నల్లమలలో తేనె తీసే చెంచుల్ని ఎంచుకున్నారు. అక్కడి గూడేల్ని పెంటలంటారు. మేం వెళ్ళింది ఎర్రగట్టు పెంటకు. నిమ్మల గురవయ్య అనే మనిషి ఆ చుట్టుపక్కల అందరికంటే లోతుకు దిగేవాడట. అడవి నారతో పేనిన తాడు మీద కొండచరియకు దిగి, పొగ పెట్టి, పెద్ద తేనెపట్లు కోసుకొచ్చేవాడు. అతని భార్య బయ్యమ్మ. ఆమె తమ్ముడు ఉడతలూరి అంకన్న.

తాడు మీద దిగేవాణ్ణి పైన కాసేది అతని భార్య తోడబుట్టినవాడే. సొంత అన్నదమ్ముణ్ణి కూడా అక్కడ కూర్చోనివ్వరు. అన్నదమ్ముడి మనసులో ఏముంటుందో ఎవరికి తెలుసు? కానీ తన ఇంటి ఆడపిల్ల బొట్టు చెరిపేసుకోవాలని ఏ తోడబుట్టినవాడూ కోరుకోడు. అదీ వాళ్ళ లెక్క. తేనె తీయడం అయిపోయాక తాడు ఆ బావమరిది ఇంటికే పోతుంది. దూలానికి వేలాడదీస్తారు. మళ్ళీ తేనె కాలం వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. ఇదంతా మాకు ముందే చెప్పారు. నేను విన్నాను, చంద్రమౌళి గారూ విన్నారు. వాళ్ళ పద్ధతి బాగుందని మెచ్చుకున్నాం కూడా.

పెంట ముందు మైదానంలో మా జీపును మేం తెచ్చిన తాడుతో చెట్టుకు కట్టాం. డ్రైవరు ఎంత తొక్కినా జీపు దుమ్ము లేపింది గానీ అంగుళం కదల్లేదు. పిల్లలు కేరింతలు కొట్టారు. ఈ తాడు తెగదు, ఈ కుట్టు ఊడదు, ఇక పైన ఎవరూ కాయక్కర్లేదు అని చంద్రమౌళి గారు మైకులో చెప్పారు. నలుగురూ నవ్వి అంకన్న వైపు చూశారు.

"తాడు మంచిదే సారూ," అన్నాడు అంకన్న. "కానీ పైన నేనుంట. దిగేటోడు మా అక్క మొగడు."

ఆ ఏడు తేనె అప్పటికే తీసేశారు. మేం ఇచ్చిన తాడు అంకన్న ఇంట్లో దూలానికెక్కింది. మేం బొమ్మలు తీసుకుని వచ్చేశాం.

మరుసటి వేసవిలో గురవయ్య ఆ తాడు మీద కొండచరియకు దిగాడు. సగం దూరం కూడా పోకముందే పైన చెట్టుకు చుట్టిన కన్ను విచ్చుకుంది. గురవయ్య లోయలో పడ్డాడు. ఆ సమయంలో పైన ఉన్నది అంకన్న ఒక్కడే.

పోలీసులు పంపిన ఫొటో చూశాను. తాడు తెగలేదు, దారమూ తెగలేదు. కుట్లు ఒక్కొక్కటిగా జారిపోయి ఉన్నాయి, ఎవరో తీరిగ్గా కూర్చుని విప్పినట్టు. దానికి తోడు ఆ వేసవిలోనే గురవయ్య తాగి బయ్యమ్మను కొడితే అంకన్న మధ్యలో పడి, ఇంకోసారి మా అక్క మీద చెయ్యేస్తే నీ తాడు పట్టనని అందరి ముందూ అన్నాడట. ఇంకేం కావాలి. అక్క కోసమే చేశాడని పెంటంతా అంది. ఆమెను ఏడిపించిన వాణ్ణి లేకుండా చేశాడని కొందరు జాలిగా అన్నారు, కొందరు ఉమ్మేసి అన్నారు. బయ్యమ్మ తలుపు వేసుకుంది. తమ్ముడు వచ్చి ఎంత పిలిచినా తియ్యలేదు.

తాడు రెండో చివర, గురవయ్య నడుముకు కట్టుకున్న కన్ను, పరీక్షకు మా ల్యాబుకు వచ్చింది. ఏ తాడునైనా తెంపే ముందు కుట్లు సర్దుకోవడానికి కొన్నాళ్ళు తాటకి చేత మెల్లగా లాగించి వదిలిస్తాం. అది మా పద్ధతి. ఈ కంటికీ అలాగే చేశాం. ఆ తర్వాత పూర్తి బలంతో లాగితే అది జీపును ఆపినట్టే ఆపింది. రిపోర్టులో ఆ అంకె రాసి చంద్రమౌళి గారు సంతకం చేశారు. కింద నా సంతకం. ఆ కాగితం చదివి వినిపించాక అంకన్న మాట నమ్మేవాడు ఆ చుట్టుపక్కల లేకుండా పోయాడు. చూసిన సాక్షి లేడని పోలీసులు వదిలేశారు గానీ పెంట వదల్లేదు. అతను వాగు అవతల ఒంటరిగా గుడిసె వేసుకున్నాడు. అక్క ఇంటి పొయ్యి పొగ అక్కడి నుంచి కనబడుతుందట.

ఇక్కడ మా ఇంట్లో పల్లవి పదో తరగతికి వచ్చింది. ట్యూషన్లు, పరీక్షలు, ఫోను. ఏడాది కిందటే ఉయ్యాలను ఓ పక్కకు తోసి బట్టలారేసే తీగ కట్టుకున్నాం. ఆషాఢంలో ఒక ఆదివారం మా ఆయన రామనాథం పేపరు పట్టుకుని ఎందుకో ముచ్చటపడి ఆ ఉయ్యాలలో కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం కూడా ఎక్కువే. నడుము ఆనించేలోగా నేల మీద ఉన్నాడు. పల్లవి పడీపడీ నవ్వింది. ఆయన నడుం పట్టుకుని, లక్షల జీతమిచ్చే ల్యాబులో నేర్చుకున్న కుట్టు ఇదేనా అని నన్ను ఏడిపించాడు.

నేనూ నవ్వుతూనే వంగి ఆ కన్ను చేతిలోకి తీసుకున్నాను. కుట్లు తెగలేదు, జారిపోయి ఉన్నాయి. దారం ఉడికిన సేమ్యాలా మెత్తగా, చల్లగా ఉంది. ఫొటోలో చూసింది ఇదే. పోయినేడాది ఇదే ఉయ్యాలలో తండ్రీకూతుళ్ళిద్దరూ ఊగినా కిర్రుమనలేదు. ఏడాదిగా దాని మీద ఎవరూ కూర్చోలేదు, అంతే. మంచం పట్టిన మనిషి కాలి కండ ఏమవుతుందో మా అమ్మను చూసి నాకు తెలుసు.

ల్యాబులో మేం రోజూ లాగే తాళ్ళనే రోజూ పరీక్షించాం. మా పరీక్షే దానికి ప్రాణం పోస్తోందని ఒక్కరికీ తట్టలేదు. ఏ పనీ లేకుండా ఊరికే వేలాడే తాడును ఎవరూ పరీక్షించలేదు. పోలీసులు పంపిన కన్ను కూడా మా దగ్గరకు వచ్చేటప్పటికి చచ్చే ఉంటుంది. పైది ముందు వదిలేసింది కాబట్టి కిందిది బయటపడలేదు. కొన్నాళ్ళు మెల్లగా లాగి దాన్ని మేమే బతికించి, బలంగా ఉందని రాసిచ్చాం.

ఉయ్యాల రెండో కన్నును మర్నాడు తాటకికి తగిలించి ఒక్కసారే లాగాను. పదో తరగతి పిల్ల బరువుకే విచ్చుకుంది. అది పట్టుకుని చంద్రమౌళి గారి గదికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తెలివైన మనిషి, నేను సగం చెప్పేసరికే మిగతా సగం అర్థమైపోయింది. ఉయ్యాలకు కుట్టింది లెక్కలో లేని తుక్కు దారమనీ, దానితో ఏదీ రుజువు కాదనీ అన్నారు. ఉత్తరాదిలో కొండలెక్కే క్లబ్బులకు అప్పటికే అమ్మిన తాళ్ళ సంగతి తాను చూసుకుంటానన్నారు.

ఆయన చూసుకున్న తీరు ఇది: తాడుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో, వారానికి ఒకసారి లాగుతూ ఉండండి అని ఒక వాక్యం చేర్చారు. రిపోర్టు మాత్రం మార్చనన్నారు. అంకన్న సంగతేమిటని అడిగాను.

"వాణ్ణి జైల్లో వెయ్యలేదుగా సుభాషిణీ," అన్నారు.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. అంతకుముందు ఆయన ఎదుట గొంతెత్తి ఎరగను. ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టి, ఉద్యోగం మానేసి బయటికొచ్చాను. వస్తూ వస్తూ నా సూదీ, బల్ల మీదున్న కండదారం చుట్టా టిఫిన్ డబ్బాలో వేసుకున్నాను. దొంగతనమే. గేటు దగ్గర కాపలాదారు రోజూలాగే నమస్కారం పెట్టాడు.

పెంటకు వెళ్ళి బయ్యమ్మ తలుపు కొట్టాను. తీసింది గానీ నన్ను లోపలికి రమ్మనలేదు. మనిషి సగమైపోయింది. గడపలో కూర్చుని అంతా చెప్పాను. పెద్దమనిషి దాసరి లింగన్నా, మరికొందరూ చుట్టూ చేరారు. పని చెయ్యకపోతే చచ్చిపోయే దారమేమిటని నవ్వారు. అప్పుడు మైకులో తెగదన్నది కూడా మీరే కదా అన్నాడు లింగన్న. చూపించి నమ్మించడం ఒక్కటే దారి.

అందరి ముందూ కూర్చుని తాడుకు కన్ను కుట్టాను. చుట్టలో ఉన్న దారం సరిగ్గా దానికే సరిపోయింది. పెంటలో కుర్రాళ్ళు కొన్నాళ్ళు దాన్ని ఆటలాగా లాగారు. చివరికి నేను అద్దెకు తెచ్చిన జీపు కూడా దాన్ని కదిలించలేకపోయింది. అప్పుడు దాన్ని బయ్యమ్మ గుడిసెలో దూలానికి వేలాడదీశాం. అంకన్న చేతికి ఇస్తే మళ్ళీ అనుమానమే కాబట్టి లింగన్న అలా తీర్పు చేశాడు. వచ్చే తేనె కాలంలో అందరి ఎదుటా లాగుదాం, విచ్చుకుంటే అంకన్న మళ్ళీ మన మధ్యలో కూర్చుంటాడు, విచ్చుకోకపోతే వాగు దాటి ఇటు రాడు అన్నాడు. అంకన్నను పిలిపించి ఈ మాట చెప్పారు. అతను ఒప్పుకుని తలూపాడు. అక్క వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

ఎవరూ ముట్టకూడదని బయ్యమ్మకు మరీమరీ చెప్పాను. లాగితే దానికి బలం వస్తుందని చెప్పాను. సరేనంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో బ్లౌజులు కుట్టాను. కండదారానికి ఏదో పెద్ద బహుమతి వచ్చిందని చంద్రమౌళి గారి బొమ్మ పేపర్లో పడింది. రామనాథం ఆ పేపరు నాకు కనబడకుండా దాచబోయి దొరికిపోయాడు.

మోదుగుపూలు రాలిపోయి ఎండలు ముదిరాక లింగన్న కబురు పెట్టాడు. నేను వెళ్ళేసరికి తాడును మైదానంలో చింతచెట్టు కొమ్మకు కట్టి ఉంచారు. బయ్యమ్మ తన గుడిసె ముందు నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఆ రోజు తమ్ముడు ఇంటికొస్తాడని వంట కూడా చేసిందని తర్వాత తెలిసింది. అంకన్న వాగు ఇవతలి ఒడ్డున, పిలిస్తే వినబడే దూరంలో నిలబడ్డాడు. వెదురుబుట్ట భుజానికి ఉంది.

మొదట లింగన్న మనవడు కంటిలో కాలు పెట్టి వేలాడాడు. అది నిలిచింది. నేను కంగారు పడలేదు, పిల్లవాడు తేలిక. తర్వాత లింగన్న వేలాడాడు. నిలిచింది. ఇద్దరు మగవాళ్ళు, ఆ తర్వాత నలుగురు. కొమ్మ వంగింది, ఆకులు రాలాయి. కన్ను మాత్రం పిడికిలి బిగించినట్టు అలాగే ఉంది. అందరూ దిగి చేతులు దులుపుకున్నారు. లింగన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వాగు ఒడ్డు నుంచి అంకన్న తాడును కాసేపు చూశాడు, తర్వాత అక్కను చూశాడు. బుట్ట సర్దుకుని వెనక్కి తిరిగి నడిచాడు.

నేను పరుగున వెళ్ళి ఆ కన్ను పట్టుకున్నాను. దారం వెచ్చగా, బిర్రుగా, రోజూ కొండెక్కే మనిషి పిక్కలా ఉంది. ఏడాది పాటు ఊరికే వేలాడిన దారం అలా ఉండదు. బయ్యమ్మ దగ్గరకు వెళ్ళి, దాన్ని ఎవరైనా ముట్టారా అని అడిగాను.

"ఎవ్వర్ని ముట్టనియ్యలే," అంది బయ్యమ్మ. "నేనే. పొద్దుగాల పొయ్యి ముట్టిచ్చి ఒక్కసారి గుంజి సూసేదాన్ని. ఇయ్యాల ఊడుతదేమో, ఊడితే వాణ్ణి పిలుసుకుందమని. మెల్లగనే గుంజిన అమ్మా, పసిపిల్లను ముట్టినట్టు."

ఆ తమ్ముడు చేశాడని ఆమె ఒక్కనాడూ నమ్మలేదు. తలుపు వేసుకున్నది అతని మీద కోపంతో కాదు, తన మూలాన వాడికి ఈ గతి పట్టిందన్న సిగ్గుతో. కన్ను ఊడాలని రోజూ కోరుకుంది, రోజూ కాస్త బలం పోసింది. అంత చిన్న లాగుడు కూడా దానికి చాలునని నాకూ తెలియదు. జీపులూ, కుర్రాళ్ళూ లాగితేనే బలమని నేను చూపించాను, ఆమె అలాగే అర్థం చేసుకుంది.

అర్థమయ్యేలా ఆమెకు చెప్పేసరికి కొంతసేపు పట్టింది. అర్థమైన మరుక్షణం ఆమె వాగు వైపు పరుగెత్తింది. వెనకాలే నేనూ, లింగన్నా వెళ్ళాం. నేను దారిపొడుగునా లింగన్నకు చెబుతూనే ఉన్నాను. ఆయన విని, ఇప్పుడు ఎట్లయినా చెప్పొచ్చు తల్లీ అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అలా అనిపించి అన్నాడు. వాగు దాటితే అంకన్న గుడిసె తలుపు తీసి ఉంది. లోపల పొయ్యి బూడిద చిమ్మి శుభ్రం చేసి ఉంది. విల్లూ, తేనె కోసే కత్తీ లేవు. బయ్యమ్మ కొండల వైపు తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. అడవిలో ఆ పిలుపు చాలా దూరం పోతుందంటారు. తిరుగుపలుకు మాత్రం రాలేదు.

లింగన్న వెళ్ళిపోయాడు. మేమిద్దరం తిరిగి మైదానానికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. బయ్యమ్మ కొమ్మ నుంచి తాడు విప్పి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకోటి కుట్టమ్మా," అంది. "ఈసారి ముట్ట. ఆ దిక్కు సూడను గూడ సూడ."

నేను టిఫిన్ డబ్బా తెరిచి సూది బయటకు తీశాను. డబ్బాలో ఇంకేమీ లేదు. ఆ సంగతి చెప్పడానికి ధైర్యం చాలక, దారం కోసం వెతుకుతున్నట్టు సంచిలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను.